11 గంటల దిక్కున

లెడ్ ఆప్రాన్ తొడుక్కోండి. నాలుగైదు కిలోల బరువు భుజాల మీద పడగానే వీపు కాస్త వంగుతుంది. మెడకి థైరాయిడ్ కాలర్ కూడా బిగించుకోండి. ఇక్కడ డాక్టర్ కాలి కింద ఒక పెడల్ ఉంటుంది, అది నొక్కినప్పుడల్లా గదిలో ఎక్స్‌రే పుడుతుంది. మీరు నిలబడింది హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రి ఎండోస్కోపీ విభాగంలో, ఈఆర్‌సీపీ చేసే గదిలో. మూసుకుపోయిన పిత్తనాళాన్ని పొట్ట కోయకుండా, నోటి గుండా వెళ్లి తెరిచే చోటు ఇదే.

బల్ల అంచున కూర్చున్న 62 ఏళ్ల పెద్దాయనది సిద్దిపేట వైపు పల్లె. మోచేతుల మీద, కడుపు మీద గోళ్ల గీతలు. కొన్నిచోట్ల తోలు లేచి రక్తం చెమ్మగా ఉంది. మాట్లాడుతూనే గోక్కుంటున్నాడు. తెల్లగుడ్లు పసుపు కొమ్ము రంగులో ఉన్నాయి. కళ్లు పచ్చబడ్డాయని ఇంట్లోవాళ్లు గమనించగానే మొదట పసరు తాగించారు. పసరు పోసేవాళ్లకు ఊళ్లల్లో ఊరికే పేరు రాలేదు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గిపోతాయి, మెప్పు పసరుకు దక్కుతుంది. ఈయన కామెర్లు ఆ బాపతు కాదు. మూత్రం ముదురు రంగు, మలం తెల్లన, ఒళ్లంతా దురద, కడుపులో మాత్రం నొప్పి లేదు. కాలేయంలో తయారైన పైత్యరసం పేగులోకి దిగే దారి మూతపడితే కనిపించే గుర్తులివి. మామూలు మనిషిలో 1.2 దాటని బిలిరుబిన్ ఈయనలో 18కి చేరింది.

డాక్టర్ ఆప్రాన్ కట్టుకుంటూనే గోడ మీది తెరలో సీటీ స్కాన్ చూస్తోంది. క్లోమం తల భాగంలో గడ్డ. పిత్తనాళం పేగును చేరే ముందు ఆ తల పక్కనుంచే పోవాలి, కాబట్టి అక్కడ గడ్డ పెరిగితే ముందు నలిగేది నాళమే. ఆమె కర్సర్‌ని గడ్డ అంచు వెంట నడిపించి ఒక రక్తనాళం దగ్గర ఆపుతుంది.

“ఇది లేకపోతే ఈయన్ని ఈ బల్ల ఎక్కించేవాళ్లం కాదు,” అంటుంది పక్కనే నిలబడి నేర్చుకుంటున్న కుర్ర డాక్టర్‌తో.

ఆ మాట వెనక ఒక అధ్యయనం ఉంది. గడ్డ ఆపరేషన్‌తో తీసేయగలిగేదే అయినా ముందుగా నాళాన్ని తెరిచి ఉంచే స్టెంట్ వేసి కామెర్లు తగ్గించాకే కోయాలని చాలాకాలం అందరూ నమ్మారు. 2010లో నెదర్లాండ్స్ వైద్యులు దాన్ని పరీక్షకు పెట్టారు. బిలిరుబిన్ దాదాపు 14.6 మించని 202 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపును నేరుగా ఆపరేషన్‌కు పంపారు, రెండో గుంపుకు ముందు స్టెంట్ వేశారు. తీవ్రమైన సమస్యలు మొదటి గుంపులో 39 శాతం మందికి, స్టెంట్ వేసిన గుంపులో 74 శాతం మందికి వచ్చాయి. అప్పట్నుంచి వెంటనే కోయగలిగిన రోగికి, జ్వరం లాంటిదేమీ లేకపోతే, నాళం జోలికి పోకుండా సర్జన్ దగ్గరికి పంపడమే పద్ధతి. ఈయన సంగతి వేరు. గడ్డ పెద్ద రక్తనాళాన్ని ఆనుకొని ఉంది, ముందు కొన్ని నెలలు కీమో ఇవ్వాలి. ఆ మందుల్లో కొన్నిటిని ఒంట్లోంచి పంపేయాల్సింది కాలేయమే. బిలిరుబిన్ 18 ఉండగా ఆ పని దానివల్ల కాదు. అందుకని ఈ పొద్దున ఈ గది.

“పెద్దయ్యా, బోర్ల పండుకో. తల ఇటు తిప్పు, ఇగో ఇట్ల,” అంటూ సిస్టర్ ఆయన భుజం కింద చిన్న దిండు పెడుతుంది. “ఈ ముక్క పండ్ల నడుమ పట్టుకో. కొరుకకు, ఊకె పట్టుకో.” నోట్లో ప్లాస్టిక్ బైట్ బ్లాక్ అమరింది. మలద్వారంలో 100 మిల్లీగ్రాముల ఇండోమెథాసిన్ గుళిక అప్పటికే పెట్టేశారు. ఈఆర్‌సీపీ అంటే డాక్టర్లు అన్నిటికంటే ఎక్కువ జంకేది ఆ తర్వాత క్లోమం వాచిపోవడానికి. నూటికి ముగ్గురి నుంచి పదిమంది దాకా అది రావచ్చు, కొందరికి ప్రాణం మీదికి తెస్తుంది. చవకగా దొరికే ఆ గుళిక ఆ ముప్పును తగ్గిస్తుంది. మత్తు డాక్టర్ సిరంజిలోంచి తెల్లటి ప్రొపోఫాల్ వదులుతాడు. గోకుతున్న చెయ్యి ఆగింది.

ఇప్పుడు తెర వైపు చూడండి. మామూలు ఎండోస్కోపుకు కన్ను కొసన ముందుకు ఉంటుంది. ఈ డ్యుయోడినోస్కోపుకు పక్కకు ఉంటుంది. అన్నవాహికలో దిగుతున్నంతసేపూ తెర మీద కనిపించేది పక్కగోడే. ఎదుట ఏముందో డాక్టర్ చేతికి తగిలే ఒత్తిడే చెప్పాలి. జీర్ణాశయం దాటి, దాని కింది ద్వారంలోంచి జారి, చిన్నపేగు మొదటి మలుపు చేరాక ఆమె చేసే పని కొత్తవాళ్లకు తలకిందులుగా తోస్తుంది. చక్రాలు తిప్పి బిగించి, మణికట్టు కుడికి మెలిపెట్టి, స్కోపును వెనక్కి లాగుతుంది. బయట గొట్టం వెనక్కి వస్తుంటే లోపల కొస ముందుకు పోతుంది. జీర్ణాశయంలో వదులుగా పడ్డ వంపు తీరిపోవడమే దీనికి కారణం. పళ్ల దగ్గర స్కోపు మీది అంకె 60 సెంటీమీటర్లకు వచ్చి నిలిచింది.

తెర మధ్యలోకి పాపిల్లా వచ్చింది. పేగుగోడ మీద గులాబీ రంగు బొడిపె, నడుమ గింజంత రంధ్రం. పిత్తనాళం, క్లోమనాళం రెండూ పేగులోకి తెరుచుకునేది ఇక్కడే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఈ రంధ్రంలోంచి పసుపుపచ్చని రసం విడతలు విడతలుగా ఊరుతూ కనిపిస్తుంది. ఇక్కడ ఒక్క చుక్క లేదు, పేగుగోడ వెలవెలబోతోంది.

ఈ రంధ్రంలోకి నోటి గుండా గొట్టం పెట్టగలమని 1968లో వాషింగ్టన్‌లో విలియం మెక్యూన్ బృందం చూపించింది. దాని కండరాన్ని ఎండోస్కోపు నుంచే కోయవచ్చని 1974లో జర్మనీలో క్లాసెన్, డెమ్లింగ్, జపాన్‌లో కవాయ్ వేర్వేరుగా చేసి చూపారు. ఈ విద్యకు మన దేశంలో హైదరాబాదు పెద్ద బడి అయింది. ఇక్కడి ఏఐజీ ఆసుపత్రి స్థాపకుడు, 2025లో పద్మవిభూషణ్ అందుకున్న డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి పేరు ఈఆర్‌సీపీ నేర్చుకునే ప్రతి కుర్ర డాక్టర్ నోటా వింటారు.

రంధ్రం ఒకటే గాని లోపల దారులు రెండు. పాపిల్లాను గడియారం ముఖం అనుకుంటే పిత్తనాళం 11 గంటల దిక్కుగా, నిటారుగా పైకి పోతుంది. క్లోమనాళం ఒంటిగంట దిక్కుగా, లోపలికి తిన్నగా పోతుంది. డాక్టర్ స్ఫింక్టరోటోమ్ కొస బయటికి తీసింది. సన్నటి గొట్టం, దాని కొసన విల్లుకు నారిలాగా తీగ. ఆ తీగ బిగిస్తే కొస పైకి వంగుతుంది. స్కోపు కొసనున్న చిన్న మీట లేపి, కొసను పాపిల్లా పైపెదవి కిందికి, 11 గంటల వైపు తిప్పి ఆనించింది. రెండు మూడు మిల్లీమీటర్లకు మించి లోపలికి తోయలేదు.

“వైరు ఇవ్వు. మెల్లగా.”

వైరు టెక్నీషియన్ వేళ్లలో ఉంది. 0.025 అంగుళాల మందం, నాలుగున్నర మీటర్ల పొడవు. కొస తడిస్తే జారుడుగా, మెత్తగా ఉంటుంది. డాక్టర్ పెడల్ నొక్కింది. ఎక్స్‌రే తెర మీద నల్లగీత పాపిల్లా నుంచి బయల్దేరి వెన్నెముకను అడ్డంగా దాటుతోంది.

“ఆపు. క్లోమం. వెనక్కి.”

ఇలాంటప్పుడు నిర్ధారించుకోవడానికి కాస్త రంగుమందు ఎక్కించి చూడాలని చెయ్యి గుంజుతుంది. ఆమె ఎక్కించదు. క్లోమనాళంలోకి రంగుమందు బలంగా వెళితే వాపుకు ముహూర్తం పెట్టినట్టే. వైరు వెనక్కి తీసి, కోణం ఒకింత మార్చి మళ్లీ ఆనించింది. వైరు మళ్లీ అడ్డంగానే పోయింది.

కుర్ర డాక్టర్ గోడ గడియారం చూశాడు. యూరప్ వైద్యులు పెట్టుకున్న లెక్క ఒకటుంది. పాపిల్లాను ఐదుసార్లకు మించి తాకినా, ఐదు నిమిషాలు దాటినా, అనుకోకుండా రెండోసారి క్లోమనాళంలోకి పోయినా అది ‘కష్టమైన కేసు’ కిందికి వస్తుంది. అప్పుడిక అదే ప్రయత్నాన్ని మొండిగా చేస్తూ పోకూడదు, పద్ధతి మార్చాలి. పొడిచిన కొద్దీ పాపిల్లా వాస్తుంది, వాచిన కొద్దీ దారి ఇరుకవుతుంది.

“తియ్యకు, దాన్ని అక్కడే ఉంచు,” అంది డాక్టర్. “రెండో వైరు.”

పొరపాటున పోయిన వైరునే ఇప్పుడు పనికి పెడుతోంది. క్లోమనాళంలో ఒక వైరు ఉండిపోతే ఆ దారి నిండుతుంది, మెలిక తిరిగిన పాపిల్లా కాస్త సాపవుతుంది, ఏ దారి కాదో తెర మీద గీత గీసినట్టు కనిపిస్తుంది. దాని పక్కనుంచి, దానికి పైగా, ఎడమకు రెండో వైరు. గదిలో మాటలు ఆగిపోయాయి. మానిటర్ బీప్‌లు, స్కోపు పీల్చే చప్పుడు తప్ప ఏమీ వినపడదు. రెండో గీత బయల్దేరింది. వెన్నెముకను దాటలేదు. దాని పక్కనే నిటారుగా కాలేయం వైపు ఎక్కి, వేలెడు దూరం పోయి ఆగింది.

“గడ్డ,” అన్నాడు టెక్నీషియన్.

“ఊ. తిప్పుతూ పో. నెట్టకు.”

పావడాకు బొందు ఎక్కించేటప్పుడు పిన్నీసు ఎక్కడ ఇరుక్కుందో గుడ్డ మీంచే వేళ్లకు తెలిసిపోతుంది కదా, టెక్నీషియన్ బొటనవేలు, చూపుడువేలు అలాగే వైరును చదువుతున్నాయి. అర చుట్టు తిప్పుతాడు, ఒక మిల్లీమీటరు ఇస్తాడు, వెనక్కి తీస్తాడు. బలంగా నెడితే వైరు గడ్డలోకి తప్పుడు దారి చేసుకుంటుంది. నాలుగో తిప్పులో గీత ఒక్కసారిగా జారి పైనున్న ఉబ్బిన నాళంలోకి పోయి వంకీ తిరిగింది. టెక్నీషియన్ భుజాలు దిగాయి.

వైరు మీదుగా గొట్టం పైకి పంపి డాక్టర్ ముందు సిరంజితో పీల్చింది. నల్లపచ్చని చిక్కటి పైత్యరసం గొట్టంలో దిగింది. కొంత ఖాళీ చేశాకే, ఖాళీ చేసినదానికంటే తక్కువగా రంగుమందు ఎక్కించింది. రోజుల తరబడి నిలవున్న పైత్యంలో సూక్ష్మజీవులు ఉండొచ్చు. నిండుకుండలాంటి నాళంలోకి ఇంకా నింపితే ఆ ఒత్తిడికి అవి రక్తంలోకి పోతాయి. తెర మీద ఇప్పుడు బొమ్మ తేలింది. పైన ఆరు మిల్లీమీటర్లు ఉండాల్సిన నాళం 15కు ఉబ్బింది. కింద మూడు సెంటీమీటర్ల మేర దారంలా సన్నబడింది.

క్లోమం వైపున్న వైరు మీదుగా మొదట 5 ఫ్రెంచ్ కొలత సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి వేసింది. క్లోమరసం నిలవకుండా జారిపోవడానికి ఇది. కొన్ని రోజుల్లో దానంతటదే పేగులోకి జారిపోతుంది. అసలు స్టెంట్ సంగతి ఇప్పుడు.

గోడ పక్కన అల్మరాలో పొడవాటి పెట్టెలు. ఒకవైపు ప్లాస్టిక్ స్టెంట్లు, కొన్ని వేల రూపాయల్లో దొరుకుతాయి. రెండోవైపు లోహపువి, వాటి ధర పదుల వేలలో ఉంటుంది. ఎండోస్కోపుతో మొదటి పిత్తనాళ స్టెంట్‌ను 1979లో హాంబర్గ్ నుంచి ప్రకటించిన నిబ్ సోహెంద్ర ఇండోనేషియాలో పుట్టినవాడు. ఆయన వేసింది ప్లాస్టిక్ గొట్టమే. ప్లాస్టిక్ స్టెంట్ స్కోపు లోపలి సందులోంచి పోవాలి, ఆ సందు 4.2 మిల్లీమీటర్లు. కాబట్టి గొట్టం సాధారణంగా 10 ఫ్రెంచ్, అంటే 3.3 మిల్లీమీటర్లకే ఆగిపోతుంది. దాని లోపలిగోడకు సూక్ష్మజీవుల పొర పట్టి, దానిమీద మడ్డి పేరుకొని మూసుకుపోతుంది. మూడు నెలలకోసారి మార్చాలి. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ తీగతో అల్లిన స్టెంట్ ఆ చిక్కును మరోలా దాటింది. నొక్కిపెట్టి మూడు మిల్లీమీటర్ల లోపు తొడుగులో ఇమిడ్చి లోపలికి పంపుతారు, అక్కడ విప్పితే 10 మిల్లీమీటర్లకు తెరుచుకుంటుంది. 1992లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు ప్లాస్టిక్, లోహపు స్టెంట్లను పోల్చినప్పుడు ప్లాస్టిక్ నడిమి లెక్కన 126 రోజులు, లోహం 273 రోజులు తెరుచుకొని ఉన్నాయి.

“మెటల్. పది బై ఆరు. అన్‌కవర్డ్,” అంది డాక్టర్.

“కవర్డ్ ఎందుకు కాదు మేడమ్?” కుర్ర డాక్టర్ అడిగాడు.

“కవర్ ఉంటే గడ్డ జాలీలోంచి లోపలికి పెరగదు, నిజమే. కానీ జారిపోవచ్చు. ఈయన గాల్ బ్లాడర్ నాళం కలిసేచోటు ఇదిగో, ఇక్కడే. కవర్ దాన్ని మూస్తే గాల్ బ్లాడర్ వాచొచ్చు. ఇంకో మాట. ముక్క పరీక్ష రిపోర్టు చేతిలో లేకుండా అన్‌కవర్డ్ వేయకు. అది కండలోకి అతుక్కుపోతుంది, మళ్లీ తీయలేం. ఈయనది రిపోర్ట్ ఉంది కాబట్టి వేస్తున్నాం.”

“కోత?”

“ఎందుకు? స్టెంట్ పడుతుంది. కోస్తే రక్తం కారే ముప్పు ఊరికే తెచ్చుకోవడం.”

లోహపు స్టెంట్ ఉన్న తొడుగు వైరు మీద ఎక్కి ఇరుకులోంచి పైకి పోయింది. ఎక్స్‌రేలో రెండు కొసలా, నడుమా నల్ల చుక్కలు కనిపిస్తున్నాయి. పైకొస ఇరుకుకు సెంటీమీటరున్నర పైన ఉండాలి, కిందికొస పేగులోకి ఒక సెంటీమీటరు మించకుండా రావాలి. ఎక్కువ వేలాడితే ఎదురుగోడను ఒరుస్తుంది, తక్కువైతే పాపిల్లాలోనే ఇరుక్కుంటుంది. పైగా అల్లిన స్టెంట్ తెరుచుకునే కొద్దీ పొడవు తగ్గుతుంది. ఆ తగ్గుదల కూడా ముందే లెక్కలో ఉండాలి.

“విప్పు. మెల్లగా.”

టెక్నీషియన్ ఒక చెయ్యి కదలకుండా పట్టి, రెండో చేత్తో బయటి తొడుగును వెనక్కి లాగుతున్నాడు. పైకొస పువ్వులా విచ్చుకుంటోంది. తొడుగు వెనక్కి వచ్చిన కొద్దీ స్టెంట్ పైకి ఎగబాకాలని చూస్తుంది. అందుకే డాక్టర్ చేయి మొత్తం సరంజామాను అరమిల్లీమీటరు అరమిల్లీమీటరుగా కిందికి పట్టి ఉంచుతోంది. ఆమె చూపు ఎక్స్‌రే మీద లేదు, ఎండోస్కోపు తెర మీది పసుపురంగు గుర్తు మీదే. అది పాపిల్లా అంచున ఉన్నంతసేపూ అంతా సరిగ్గా ఉన్నట్టు.

“సగం దాటింది మేడమ్. ఇంకా లాగితే మళ్లీ లోపలికి రాదు.”

“బాగుంది. కానివ్వు.”

చివరి తొడుగు జారింది. వెండిరంగు జాలీ పాపిల్లాలోంచి తొంగిచూసింది, ఆ వెంటే ముదురుపచ్చని ధార పేగులోకి దూకి తెరంతా నింపేసింది. డాక్టర్ దాన్ని పీలుస్తూ ఎక్స్‌రే చూసింది. స్టెంట్ నడుము ఇంకా సన్నగానే ఉంది. ఫర్వాలేదు, ఒకటి రెండు రోజుల్లో తనంతట తానే సాగి తెరుచుకుంటుంది. బెలూన్ వేసి ఇప్పుడే సాగదీయాల్సిన పనిలేదు.

బల్ల తుడిచి తర్వాతి రోగిని తెచ్చేలోపు డాక్టర్ ఇంకో స్కాన్ ముందుకు తెచ్చింది. ఈసారి అడ్డం కాలేయం గుమ్మంలోనే ఉంది, కుడి ఎడమ నాళాలు కలిసేచోట. ఇలాంటి గడ్డలకు 1975లో ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రీ బిస్ముత్ చేసిన వర్గీకరణే ఇప్పటికీ వాడుక. ఇక్కడ ఒక స్టెంట్ చాలకపోవచ్చు. కాలేయంలో కనీసం సగానికి పైగా పైత్యం దిగాలి, అదీ బాగా పనిచేస్తున్న భాగం నుంచి. ఎండిపోయిన భాగంలో స్టెంట్ వేసినా లాభముండదు. అందుకే ఎంఆర్‌సీపీ (పిత్తనాళాల ఎంఆర్‌ఐ) బొమ్మలో ఏ కొమ్మలోకి వెళ్లాలో ముందే గుర్తు పెట్టుకొని, ఆ కొమ్మల్లోకే వైరు పంపుతారు. స్టెంట్ వేయబోని కొమ్మలోకి రంగుమందు పోతే అక్కడ చీము పట్టొచ్చు. అది బయటికి రావడానికి దారి ఉండదు. రెండు లోహపు స్టెంట్లను పక్కపక్కన వేయడం ఒక తీరు, మొదటిదాని జాలీలోంచి రెండోది దూర్చడం ఇంకో తీరు. కవర్ ఉన్నవి ఇక్కడ పనికిరావు, చుట్టుపక్కల కొమ్మలను మూసేస్తాయి.

అసలు పాపిల్లా వరకే పోలేకపోతే? గడ్డ పేగునే మూసేసి ఉండొచ్చు, ఇంతకుముందు జరిగిన ఆపరేషన్‌లో దారులు మారిపోయి ఉండొచ్చు. అప్పుడు పక్కటెముకల సందున చర్మం మీంచి కాలేయంలోకి సూది గుచ్చి, పైనుంచి కిందికి వచ్చే పద్ధతి ఉంది. అది ఇంటర్వెన్షనల్ రేడియాలజీ వాళ్ల పని. కొన్నాళ్లు పక్కన సంచీ వేలాడుతుంది. ఇంకోటి 2001లో మార్సెయ్‌లో మార్క్ జొవన్నీనీ చేసి చూపింది. కొసన అల్ట్రాసౌండ్ ఉన్న ఎండోస్కోపుతో పేగుగోడ అవతల ఉబ్బిన నాళాన్ని చూసి, గోడలోంచే సూదితో పొడిచి, పాపిల్లాతో పని లేకుండా కొత్త దారి చేయడం. కొసన కరెంటు ఉండి, రెండువైపులా అంచులు విప్పారే స్టెంట్లు వచ్చాక ఆ పని ఇంకా సులువైంది. అయితే ఆ నాళం బాగా ఉబ్బి ఉండాలి, సర్జన్, రేడియాలజిస్ట్ పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి.

రికవరీ గదిలో పెద్దాయన కళ్లు తెరిచాడు. సిస్టర్ కడుపు నొక్కి చూస్తోంది, నొప్పి లేదంటున్నాడు. క్లోమం వాచే సూచన ఉంటే మొదటి కొన్ని గంటల్లోనే తెలిసిపోతుంది, అందుకే ఈ రాత్రికి ఇక్కడే ఉంచుతారు. కొడుకు స్టెంట్ పెట్టెమీది స్టిక్కర్ అంటించిన కాగితం పట్టుకొని నిలబడ్డాడు.

“మేడమ్, గిది ఎన్ని దినాలు పనిచేస్తది?”

“నెలలు పనిచేస్తుంది. ఒక్కోసారి ఏడాది. గడ్డ లోపలికి పెరిగితే మూసుకోవచ్చు, అప్పుడు లోపల ఇంకోటి వేస్తాం. దురద కొన్ని రోజుల్లో తగ్గుతుంది. రెండు వారాల్లో బిలిరుబిన్ సగానికి పైగా దిగాలి. దిగకపోతే మళ్లీ చూడాలి. దిగి మామూలుకు దగ్గరైతే కీమో మొదలుపెడతారు, అప్పటిదాకా వారంవారం రక్తపరీక్ష.”

“గడ్డ కరిగినట్టేనా మేడమ్?”

“లేదు. గడ్డ ఎక్కడిదక్కడే ఉంది. దారి మాత్రమే తెరిచాం. గడ్డ పని కీమోది.”

కొడుకు తల ఊపాడు. ఆమె అక్కడినుంచి కదలలేదు.

“ఒకటి గుర్తుపెట్టుకో. చలితో వణుకుతూ జ్వరం వచ్చినా, కళ్లు మళ్లీ పచ్చబడినా తెల్లారేదాకా ఆగొద్దు. పారాసిటమాల్ వేసి చూద్దామని అనుకోవద్దు, పసరు అసలే వద్దు. ఆ రాత్రికే బండి కట్టించుకొని రండి. స్టెంట్ మూసుకొని చీము పడితే గంటల లెక్కన ముదురుతుంది. దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు ఈ కాగితం చూపించు, లోపల ఏముందో వాళ్లకు దీన్నిబట్టే తెలుస్తుంది.”

అతను కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఇంట్లో ఇంకెవరెవరికి పంపాలో ఆమే చెప్పింది: రాత్రి పెద్దాయన పక్కన పడుకునేవాళ్లందరికీ.